చివరి దశ రోగిని ఇంట్లో చూసుకునేవాళ్లకి ప్రార్థన, కోపం, అపరాధభావం: నిజంగా పనికొచ్చే మాట ఏది?

గడప_దగ్గర

ఇక కోలుకోరని డాక్టర్లు తేల్చేశాక రోగిని ఇంటికి తెచ్చుకున్న కుటుంబాలకి దొరికే సలహాలు రెండే. "దేవుడి మీద భారం వేయండి" అంటారు, లేకపోతే "మీ ఆరోగ్యం కూడా చూసుకోండి" అంటారు. ఈ రెండు మాటలతో ఒక్క పూట కూడా గడవదు.

అడగదలచుకున్నవి ఇవి. ఇంట్లో ఒకరికి రోజంతా పారాయణ నడవాలి, ఇంకొకరికి ఆ శబ్దమే పడదు, అప్పుడేం చేయాలి? దగ్గరుండి చూసుకునే మనిషి ప్రార్థనకి కూర్చుంటే మనసు నిలవదు, పైగా దేవుడి మీద కోపం వస్తుంది. అది విశ్వాసం పోయినట్టా? "మీరు గట్టిగా నమ్మలేదు, అందుకే తగ్గడం లేదు" అనేవాళ్లకి ఏం చెప్పాలి? అన్నిటికన్నా కష్టమైంది, అద్భుతం జరుగుతుందని నమ్మే మనిషితో వెంటిలేటర్ వద్దనే మాట ఎలా ఎత్తాలి?

ఏ మతమైనా, మతం లేకపోయినా సరే. ఓదార్పు వద్దు, పని చెప్పండి.

మెత్తని_చేతులు

పాలియేటివ్ (నయం కాని జబ్బులో బాధ తగ్గించే వైద్యం) నర్సుగా శబ్దం సంగతి ముందు చెబుతాను, ఇళ్లలో ఎక్కువ తగాదాలు వచ్చేది అక్కడే కాబట్టి.

మంచం ఉన్న గది రోగిది. ఆ గదిలో నడిచే ప్రార్థన రోగి కోరుకున్నదై ఉండాలి. చూసుకునేవాళ్లకి కావలసింది పక్క గదిలో. ఈ ఒక్క విభజన ఒప్పుకుంటే సగం గొడవ పోతుంది. రోగికి స్పృహ బాగా ఉన్నప్పుడే అడిగి పెట్టుకోండి: "ఏం వినాలనుంది, ఎవరు చదివితే బాగుంటుంది, ఏది అసలు వద్దు?" మూడో ప్రశ్న చాలామంది అడగరు. అసలు అవసరమైంది అదే.

రికార్డింగు పెడితే చెవి పక్కన పెట్టకండి, రెండు మీటర్ల దూరంలో ఉంచండి. దాని మీదుగా మామూలు గొంతుతో మాట్లాడుకోగలిగితే ఆ శబ్దం సరిపోతుంది. 15 నుంచి 20 నిమిషాలు నడిపి ఆపేయండి. రోజంతా ఆగకుండా మోగితే రోగి నిద్ర తునకలవుతుంది, అయోమయం పెరుగుతుంది. రోగి నొప్పితో మూలుగుతున్నా మనకి వినపడదు.

మాట్లాడలేని రోగికి నచ్చుతోందో లేదో ముఖమే చెబుతుంది. కనుబొమలు ముడిపడటం, పిడికిలి బిగియడం, తల పక్కకి తిప్పుకోవడం, ఊపిరి వేగం పెరగడం చూడండి. ఆపి ఐదు నిమిషాలు ఆగండి. ముఖం సడలితే ఆ శబ్దమే ఇబ్బంది పెట్టిందని అర్థం. సడలకపోతే నొప్పి వైపు చూడాలి.

రాత్రి_కాపలా

స్పృహ లేనప్పుడు చదివితే మాత్రం ఎవరు వింటారు? మన తృప్తికేగా?

మెత్తని_చేతులు

@రాత్రి_కాపలా కొట్టిపారేయకండి. 2020లో బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయం వాళ్లు హాస్పీస్‌లో, అంటే చివరి దశ రోగుల్ని చూసుకునే చోట, చివరి గంటల్లో ఉన్న, స్పందన లేని రోగుల మెదడు తరంగాలు నమోదు చేశారు. కొందరిలో మెదడు శబ్దాలకి స్పందించింది. అర్థం చేసుకున్నారని దాన్నిబట్టి చెప్పలేం. కానీ వినపడుతూ ఉండొచ్చు అనుకుని ప్రవర్తించడమే క్షేమం. అంటే ప్రార్థన చదవడం ఒక్కటే కాదు, ఆస్తి గొడవలు, "ఇంకెన్నాళ్లో" అనే మాటలు ఆ గదిలో ఆపేయడం కూడా.

నిలువుగీత

దేవుడంటే నమ్మకం లేనివాణ్ణి, అయినా మొదటి పోస్టులోని ప్రశ్న సరైనదే. నాది ఒక్క అభ్యంతరం. ఇలాంటి చర్చల్లో ఆధ్యాత్మికత అనగానే అందరూ మతంలోకి దూకుతారు. నమ్మని రోగి మంచం చుట్టూ చేరి "చివర్లో అయినా దేవుడి పేరు తలుచుకో" అని వేధించడం చాలా ఇళ్లలో జరుగుతుంది. అది అతనికోసం చేస్తున్నామనుకుంటారు. తమ భయం తీర్చుకోవడానికి చేసేది అది.

జపమాల_108

నిలువుగీత గారితో ఏకీభవించే రోజు వస్తుందనుకోలేదు. బలవంతపు నామస్మరణ వల్ల ఎవరికీ మేలు లేదు. నమ్మేవాళ్లు ఆ మనిషి పేరు మీద తమ గదిలో చేసుకోవచ్చు, దానికి రోగి పెదవి కదపాల్సిన పని లేదు. కానీ ఒకటి, నమ్మకం లేదన్నవాళ్లు చివర్లో మనసు మార్చుకోవడమూ ఉంటుంది. తలుపు మూసేయకూడదు.

మౌనశ్రోత

ఆసుపత్రుల్లో ఆధ్యాత్మిక సలహా ఇచ్చే పని నాది. పై ఇద్దరికీ కలిపి చెప్పొచ్చు. తలుపు తెరిచి ఉంచడమంటే అడగడం, నెట్టడం కాదు. అడగడానికి ఒక పద్ధతి ఉంది. డాక్టర్ క్రిస్టీనా పుచల్స్కీ 1996లో రూపొందించిన నాలుగు ప్రశ్నల వరుస ఇప్పటికీ వాడతారు. మీకు బలాన్నిచ్చేది ఏది, దేనివల్ల బతుక్కి అర్థం ఉందనిపిస్తుంది? ఈ జబ్బులో అది మీకు ఎంత ముఖ్యం? మీతో కలిసి నడిచే సమూహం ఏదైనా ఉందా? వీటి గురించి మేము ఏం చేస్తే మీకు బాగుంటుంది? డాక్టర్ల కోసం పుట్టిన ప్రశ్నలే కానీ ఇంట్లో వాళ్లు ఒకరినొకరు అడుక్కోవడానికీ పనికొస్తాయి. దేవుడనే మాట ఇందులో ఎక్కడా లేదు, గమనించండి. తోట, సంగీతం, మనవడు, చేసిన ఉద్యోగం ఏదైనా జవాబు కావచ్చు.

నాలుగూ ఒకేసారి అడక్కండి. ఒకటి అడిగి, నిజంగా విని, ఆపేయండి. రెండోది మరునాడు.

బ్రిటిష్ వైద్యురాలు సిసిలీ సాండర్స్ 1967లో లండన్‌లో సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పీస్ తెరిచేనాటికే ఆమె నొప్పిని నాలుగు పాయలుగా చూసింది. శరీరానిది, మనసుది, సంబంధాలది, ఆత్మది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2002లో ఇచ్చిన పాలియేటివ్ కేర్ నిర్వచనంలో కూడా ఆధ్యాత్మిక సమస్యలు ఉన్నాయి, రోగితో పాటు కుటుంబమూ ఉంది. కాబట్టి మీ ప్రార్థన, మీ కోపం గురించి వైద్య బృందాన్ని అడగడం వాళ్ల సమయం వృథా చేయడం కాదు. అది వాళ్ల పనిలో భాగమే.

గడప_దగ్గర

కోపం మాట ఎత్తారు కాబట్టి అది చెప్పండి. ఏళ్లుగా పూజ మానని మనిషి దేవుడి పటం వైపు చూడలేకపోతే?

మౌనశ్రోత

మనస్తత్వవేత్త కెనెత్ పార్గమెంట్ కష్టకాలంలో మతం ఎలా పనిచేస్తుందో కొలిచే ప్రశ్నావళి తయారుచేశాడు. దాని పొట్టి రూపంలో 14 వాక్యాలు. ఏడు ఆసరా గురించి, ఏడు పెనుగులాట గురించి: దేవుడు నన్ను వదిలేశాడా, ఇది నాకు శిక్షా, నా మీద ప్రేమ ఉందా, నా సమూహం నన్ను వదిలేసిందా అనేలాంటివి. ఇవి నమ్మేవాళ్లకి వచ్చే ప్రశ్నలు. నమ్మకమే లేనివాడు దేవుణ్ణి తిట్టడు. అందుకే కోపం వచ్చిందంటే సంబంధం తెగలేదని నేను చూస్తాను.

అలాగని వదిలేయమనను. 2001లో అతని బృందం ఆసుపత్రిలో చేరిన 596 మంది వృద్ధులపై చేసిన అధ్యయనంలో, దేవుడు వదిలేశాడనే పెనుగులాట ఉన్నవాళ్లలో తర్వాతి రెండేళ్లలో మరణాలు ఎక్కువగా కనిపించాయి. వాళ్లు రోగులు, చూసుకునేవాళ్లు కారు. ఆ తేడా గుర్తుంచుకోవాలి. ఇందులో మనకి పనికొచ్చేది ఏమిటంటే, పెనుగులాటని లోపల దాచి నెలల తరబడి మోయకూడదు. ఒక మనిషి ముందు బయటికి చెప్పాలి. "తప్పు, అలా అనకూడదు" అనే మనిషి మాత్రం వద్దు.

పని అడిగారుగా. పటం వైపు చూడలేకపోతే చూడకండి. కళ్లు మూసుకుని చేసే ప్రార్థన కుదరకపోతే చేతుల పనికి ఒక చిన్న వాక్యం కట్టండి. ఊపిరి పీల్చేటప్పుడు సగం, వదిలేటప్పుడు సగం వచ్చేంత చిన్నది. పక్క మార్చేటప్పుడు, మూత్రం సంచి ఖాళీ చేసేటప్పుడు, మందు కొలిచేటప్పుడు. నమ్మకం లేనివాళ్లు ఆ చోట "ఇప్పుడు, ఇక్కడ" అనుకున్నా చాలు. రెండు మూడు గంటలకోసారి పక్క మార్చడం ఎలాగూ ఉంటుంది, దానితోపాటే ఇదీ జరిగిపోతుంది. విడిగా అరగంట కేటాయించుకుంటే అది తప్పిన ప్రతిసారీ ఇంకో అపరాధభావం.

రాత్రి_కాపలా

ఇది బాగుంది. మందు కొలిచేటప్పుడు మాత్రం వద్దండీ, అప్పుడు మిల్లీలీటర్ల గీత మీదే కళ్లుండాలి.

మాత్రల_పెట్టె

@రాత్రి_కాపలా నూటికి నూరు పాళ్లు. నొప్పికి ద్రవరూపంలో ఇచ్చే మార్ఫిన్ ఒక్కో సీసాలో ఒక్కో గాఢతలో ఉంటుంది. సిరంజి గీత తప్పితే ఎన్నో రెట్లు ఎక్కువ వెళ్లిపోవచ్చు. కొలిచేశాక, మూత పెట్టేశాక అనుకోండి.

మందు మాట వచ్చింది కాబట్టి ఇంకోటి. రోగితో కలిసి ప్రార్థన చేయాలన్నా, మతగురువుని పిలవాలన్నా డోసు సమయం చూసుకోండి. నోటి ద్వారా ఇచ్చే మామూలు మార్ఫిన్ సుమారు అరగంటలో పని మొదలుపెట్టి, గంటకి గరిష్ఠానికి చేరి, దాదాపు నాలుగు గంటలు నిలుస్తుంది. డోసు వేసిన 45 నిమిషాల తర్వాత మొదలుపెడితే నొప్పి అడ్డురాదు. తర్వాతి డోసుకి పది నిమిషాల ముందు కూర్చోబెడితే పాపం ఆ మనిషి పళ్లు బిగబట్టి వింటారు. కొందరికి డోసు తర్వాత మత్తుగా ఉంటుంది, వాళ్లకి రెండో గంట మేలు. మూడు రోజులు ఒక కాగితం మీద రాస్తే ఏ వేళ తేరుకుని ఉంటున్నారో తెలిసిపోతుంది.

జపమాల_108

ఒక సందేహం, దీనికి జవాబు గౌరవంగా కావాలి. చివరి క్షణంలో మనసు తెలివిలో ఉండాలని చాలా సంప్రదాయాలు చెబుతాయి. మార్ఫిన్ మత్తులో వెళ్లిపోతే ఆ అవకాశం పోదా? బాధ అనుభవిస్తే కర్మ తీరుతుందనేవాళ్లూ ఉన్నారు.

నిలువుగీత

బాధ పడాలా వద్దా అనేది ఆ బాధ పడే మనిషి తేల్చుకోవాలి. మంచం పక్కన కుర్చీలో కూర్చున్నవాళ్లు ఇంకొకరి కర్మ లెక్క చూడకూడదు. ఈ మాట కటువుగానే అంటున్నాను.

మాత్రల_పెట్టె

తెలివి గురించిన కోరిక న్యాయమైనదే, వైద్యులు దాన్ని గౌరవించగలరు కూడా. "స్పృహ ముఖ్యం, కొంత నొప్పి ఉన్నా ఓర్చుకుంటాను" అని రోగి స్వయంగా చెబితే డాక్టరు ఆ ప్రకారం డోసు సర్దుతారు. నరాల నొప్పికి వేరే మందు కలిపి మార్ఫిన్ తగ్గించవచ్చు, కొన్ని చోట్ల నరం దగ్గర ఇంజెక్షన్ ఇచ్చే వీలుంది.

అయితే మూడు సంగతులు. ఒకటి, మొదలుపెట్టినప్పుడో డోసు పెంచినప్పుడో వచ్చే మత్తు చాలామందిలో కొద్ది రోజుల్లో తగ్గుతుంది. రెండు, భరించలేని నొప్పిలో ఉన్న మనసు దేని మీదా నిలవదు, కాబట్టి నొప్పి తగ్గడమే ధ్యానానికి దారి కావచ్చు. మూడు, ఇంట్లోవాళ్లు చెప్పకుండా డోసు ఎగ్గొట్టడం ప్రమాదం. హఠాత్తుగా ఆపితే ఒళ్లు వణకడం, చెమటలు, విరేచనాలు, ఆందోళన వస్తాయి. దాన్ని చూసి "ఆత్మ కొట్టుకుంటోంది" అనుకుంటారు. అది మందు ఆగినందుకు శరీరం పడే యాతన.

డాక్టరు చెప్పినట్టు కొద్దికొద్దిగా పెంచుతూ ఇచ్చే మార్ఫిన్ ప్రాణం తీయదు. ఆఖరి డోసు ఇచ్చిన చేయి ఎవరిదో ఒకరిది అవుతుంది. ఆ మనిషి జీవితాంతం "నేనే చంపానేమో" అని కుమలకుండా ఈ మాట ముందే ఇంట్లో అందరి ఎదుటా డాక్టరు చేత చెప్పించండి.

చిన్న_ఉత్తరం

చివరి పేరా ఎవరూ దాటేయకండి.

మెత్తని_చేతులు

మంచం దగ్గర చేసే క్రతువుల్లో తరచూ జరిగే ప్రమాదాలు కూడా ఇక్కడే రాసేస్తాను.

నిప్పు. ఆక్సిజన్ నడుస్తుంటే దీపం, కొవ్వొత్తి, అగరుబత్తి కనీసం మూడు మీటర్ల దూరం, వీలైతే వేరే గది. ఆక్సిజన్ తానుగా మండదు కానీ బట్టకీ జుట్టుకీ అంటుకున్న నిప్పుని ఒక్కసారిగా ఎగదోస్తుంది. మెషీన్ ఆపేసిన వెంటనే వెలిగించకండి, దుప్పట్లలో నిలిచిన ఆక్సిజన్ పోవడానికి కొంతసేపు పడుతుంది. ఆక్సిజన్ లేకపోయినా ఆయాసం ఉన్నవాళ్లకి పొగ పడదు. బ్యాటరీ దీపం పెట్టండి, ఏ దేవుడూ అభ్యంతరం చెప్పడు.

నీళ్లు. పవిత్ర జలం నోట్లో పోయడం. మింగే శక్తి తగ్గాక ఒక చెంచా నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. తాగించిన తర్వాత దగ్గు, గొంతులో గరగర, తడి గొంతు వస్తే ఆపేయాలి. స్పృహ లేనప్పుడు అసలు పోయకండి. మెత్తని స్పాంజి పుల్లనో శుభ్రమైన గుడ్డనో ఆ నీటిలో ముంచి, బాగా పిండి, పెదవులకీ చిగుళ్లకీ అద్దండి. క్రతువు పూర్తయినట్టే, పైగా ఆరిపోయిన నోటికి హాయి.

దారాలు, ఉంగరాలు. చేతులు వాస్తాయి. కట్టిన దారం కింద రెండు వేళ్లు దూరాలి, రోజూ చూడాలి. తీసేయాల్సి వస్తే చిన్న గుడ్డసంచిలో వేసి దిండు పక్కన పెట్టండి. పిన్నీసుతో దిండుకి గుచ్చకండి, ఒంటికింద పడితే పుండవుతుంది.

ఉపవాసం, ఇది చూసుకునేవాళ్లకి. రోగిని ఎత్తి కూర్చోబెట్టాల్సిన రోజున కడుపు మాడ్చుకుంటే కళ్లు తిరిగి ఇద్దరూ పడతారు. చక్కెర జబ్బుకి ఇన్సులిన్ వాడేవాళ్లు డాక్టర్ని అడక్కుండా అసలు చేయొద్దు.

జపమాల_108

ఉపవాసం మొక్కుకున్నవాళ్లు ఏం చేయాలి మరి? మొక్కు తప్పితే ఆ భయం ఇంకో రకం.

మౌనశ్రోత

ఎవరి దగ్గర మొక్కుకున్నారో ఆ సంప్రదాయపు గురువునే అడగండి. రోగికి సేవ చేసేవాళ్లకి సడలింపు లేదనే గురువు అరుదు. వాయిదా వేయడం, ఇంకొకరు వాళ్ల తరఫున చేయడం, బదులుగా దానం ఇవ్వడం లాంటి దారులు దాదాపు ప్రతి మతంలో ఉన్నాయి. ఆ సడలింపు గురువు నోటినుంచి వింటేనే మనసు కుదుటపడుతుంది. బంధువులు చెబితే పడదు.

దీనికంటే లోతైనది కోరిక సంగతి. జబ్బు తెలిసిన రోజు "నయం చెయ్యి" అని మొక్కుకుంటారు. ఆరు నెలల తర్వాత కూడా నోరు అదే అంటుంది, కళ్లముందు శరీరం వేరేది చెబుతుంటుంది. ఆ రెంటి మధ్య మనిషి నలిగిపోతాడు. కోరిక మార్చుకోవచ్చని ఎవరైనా చెప్పాలి. "ఈ రాత్రి నొప్పి లేకుండా గడవనీ", "అన్నదమ్ములు మాట్లాడుకునే దాకా ఉంచు", "భయం లేకుండా వెళ్లనీ". పెద్ద కోరిక వదులుకోనక్కర్లేదు, దాని పక్కన ఈ పూటకి సరిపోయేది ఇంకొకటి పెట్టుకోవాలి. అలా మార్చుకున్నవాళ్లకి ప్రార్థన మళ్లీ నోటికి రావడం మొదలవుతుంది.

గడప_దగ్గర

అద్భుతం, వెంటిలేటర్ ప్రశ్నకి కూడా ఇదే దారా?

మౌనశ్రోత

చాలావరకు. అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రి బృందం 2014లో ఒక నాలుగు మెట్ల సంభాషణ రాసింది, ఇంట్లోవాళ్లకీ సరిపోతుంది. ముందు వాళ్ల ఆశతో కలవండి: "అద్భుతం జరగాలని నేనూ కోరుకుంటున్నాను." తర్వాత వాళ్లున్న చోటికి వెళ్లండి: "మీతోనే ఉన్నాను." ఆ తర్వాతే మీకు తెలిసిన విషయం: "దానితోపాటు డాక్టరు చెప్పినదీ మాట్లాడుకోవాలి." చివరికి: "ఏం జరిగినా మిమ్మల్ని వదలను." మధ్యలో "కానీ" అనే మాట రానివ్వకండి. "నేనూ కోరుకుంటున్నాను, కానీ..." అంటే ముందన్నదంతా కొట్టేసినట్టే వినపడుతుంది.

నిలువుగీత

అంటే అబద్ధపు ఆశ ఇవ్వడమేగా? జరగదని తెలిసి "నేనూ కోరుకుంటున్నా" అనడం నిజాయితీ ఎలా అవుతుంది?

మౌనశ్రోత

కోరుకోవడం వేరు, జరుగుతుందనడం వేరు. నయం కావాలని మీరు కోరుకోవడం లేదా?

నిలువుగీత

ఒప్పుకుంటాను. అయితే మెత్తగా మాట్లాడుతూ నిర్ణయం వాయిదా వేయకూడదు. 2009లో జామా అనే వైద్య పత్రికలో 345 మంది ముదిరిన క్యాన్సర్ రోగులపై వచ్చిన అధ్యయనం ఉంది. మతం మీద ఎక్కువగా ఆధారపడినవాళ్లకి చివరి వారంలో వెంటిలేటర్ లాంటి చికిత్సలు ఎక్కువగా జరిగాయి. అవి ఎవరికీ ఉచితం కాదు, ఒంటికీ ఇంటికీ. రోగి మాట్లాడగలిగినప్పుడే ఆయన కోరిక కాగితం మీద రాయించి సంతకం పెట్టించాలి. ఆ తర్వాత ఎవరి నమ్మకం బలమైనదనే పోటీ ఉండదు.

మెత్తని_చేతులు

కాగితం లేని ఇళ్లలో, ఇద్దరు రెండు దారులు పట్టినప్పుడు, గడువు పెట్టిన ప్రయత్నం అనేది ఒకటుంది. "మూడు రోజులు ఈ చికిత్స చేద్దాం. మూత్రం, రక్తపోటు, స్పృహ ఈ మూడూ మెరుగుపడకపోతే ఆపి హాయిగా ఉంచే వైద్యానికి మారదాం" అని డాక్టరుతో ముందే అనుకోవడం. అద్భుతం కోసం చూసేవాళ్లకి తలుపు తెరిచినట్టుంటుంది, రోగిని వారాల తరబడి గొట్టాలతో ఉంచినట్టూ కాదు. వెంటిలేటర్ ఆపే విషయంలో చట్టం ఒక్కోచోట ఒక్కోలా ఉంటుంది. పెట్టకముందే అడగాలి, పెట్టాక కాదు.

చిన్న_ఉత్తరం

"మీ విశ్వాసం చాలలేదు" అనేవాళ్లకి జవాబు ఎవరూ చెప్పలేదు.

జపమాల_108

భక్తురాలిగా నేను చెబుతాను. ఏ మతంలోనైనా గొప్ప విశ్వాసులందరూ చనిపోయారు. దానికి మించిన జవాబు అక్కర్లేదు. వాదన పెట్టుకోకుండా ఒక్క వాక్యం సిద్ధంగా ఉంచుకోండి: "మీ ప్రార్థన మాకు కావాలి, మా లెక్క మాత్రం చూడకండి." అన్నాక లేచి వెళ్లి వేరే పని చూసుకోండి.

వచ్చేవాళ్లకి ఒక చీటీ రాసి తలుపుకి అంటించండి. ఒకసారికి ఇద్దరు, 15 నిమిషాలు, గట్టిగా చదవొద్దు, జలుబుంటే రావొద్దు. ఇంటి మనిషి నోటితో చెబితే గొడవ, చీటీ చెబితే కాదు. సమూహంగా ప్రార్థన చేస్తామని వచ్చేవాళ్లని "బయట గదిలో చేయండి, చేసినంతసేపు ఒకరు వంటింట్లో గిన్నెలు చూడండి" అని అడగొచ్చు. నిజంగా ప్రేమ ఉన్నవాళ్లు కాదనరు.

రాత్రి_కాపలా

చనిపోయిన బంధువులు వచ్చి గదిలో నిలబడ్డారని రోగి చెబుతుంటే? ఇంట్లో ఒకరు అది దర్శనం అంటారు, ఇంకొకరు మెదడు చెడిందంటారు.

మెత్తని_చేతులు

ఏ పేరు పెట్టినా మీరు చేయాల్సింది రోగి ముఖాన్నిబట్టి ఉంటుంది. అమెరికాలో బఫెలో హాస్పీస్ వైద్యులు 59 మంది రోగులని రోజూ అడిగి 2014లో ప్రచురించారు. ఎక్కువమంది ఇలాంటి కలలో, దృశ్యాలో కనీసం ఒకటి చెప్పారు. చనిపోయినవాళ్లు కనిపించినప్పుడు ఎక్కువ ఊరట కలిగిందట. రోగి ప్రశాంతంగా చెబుతుంటే "లేదు, ఎవరూ లేరు" అనకండి, "ఏమంటున్నారు?" అని అడగండి.

కానీ భయంతో అరవడం, బట్టలు పీక్కోవడం, మంచం దిగబోవడం, గంటకో రకంగా మారడం ఉంటే అది మతిభ్రమ, వైద్యం కావాలి. ముందు పొత్తికడుపు తాకి చూడండి, మూత్రం ఆగిపోయి ఉండొచ్చు. ఎన్ని రోజులుగా విరేచనం లేదో చూడండి. జ్వరం, కొత్తగా మొదలైన మాత్ర, నోరు ఎండిపోవడం చూడండి. మూత్రం గొట్టం వేయగానే నిమ్మళించే రోగికి శాంతి క్రతువులు చేస్తూ రాత్రంతా గడపడం అన్యాయం.

అలాగే ఆఖరి గంటల్లో గొంతులో గురగుర. అది కఫం కదలడం. ఒక పక్కకి తిప్పి, తల కొద్దిగా ఎత్తితే తగ్గుతుంది. ఊపిరి ఆగి ఆగి రావడం కూడా మామూలే. చూసేవాళ్లని కుదిపినంతగా రోగిని అది బాధించదని చెప్పగలం.

బొమ్మల_సంచి

ఇంట్లో పిల్లలుంటే ఒక్క మాట. "దేవుడు తీసుకెళ్తున్నాడు", "నిద్రపోతున్నారు" అనకండి. మొదటిదానికి పిల్లలు దేవుడంటే భయపడతారు, రెండోదానికి పడుకోవడానికి భయపడతారు. "చాలా జబ్బు చేసింది, చనిపోతారు, చనిపోతే ఒళ్లు పనిచేయడం ఆగిపోతుంది, నొప్పి ఉండదు" అని చెప్పి, ఆ తర్వాత మీ నమ్మకం ఏదైతే అది "మేమిలా నమ్ముతాం" అని చేర్చండి. చిన్నపిల్లలు తమ అల్లరి వల్లో, కోపంలో అన్న మాట వల్లో జబ్బు వచ్చిందనుకుంటారు. అడక్కపోయినా "నీవల్ల కాదు" అని చెప్పాలి. ప్రార్థనలో కూర్చోమని బలవంతం చేయకండి, రంగు కాగితం మీద బొమ్మ గీసి ఇవ్వనివ్వండి.

చిన్న_ఉత్తరం

ఒకటి అడగాలంటే సిగ్గుగా ఉంది. చూసుకునేవాళ్లకి "త్వరగా అయిపోతే బాగుండు" అనిపిస్తుంది కదా. ఆ ఆలోచన వచ్చాక ఇక ప్రార్థన చేయబుద్ధి కాదు.

మౌనశ్రోత

అది చావు కోరుకోవడం కాదు, బాధ ఆగాలని కోరుకోవడం. రోగి బాధ, మీ బాధ, రెండూ. ఇంచుమించు ప్రతి ఇంట్లో ఉంటుంది, ఎవరూ పైకి అనరు. ప్రార్థనలో దాన్ని దాచి మంచి మాటలు మాత్రమే చెబితే ఆ ప్రార్థన మీది కాదు. ఉన్నదున్నట్టు చెప్పండి.

ఆ ఆలోచన రోజూ పట్టుకుంటే అలసట హద్దు దాటిందని లెక్క. 1999లో జామాలో వచ్చిన అధ్యయనంలో, జీవిత భాగస్వామిని చూసుకుంటూ ఆ భారానికి నలిగిన వృద్ధుల్లో నాలుగేళ్లలో మరణ ముప్పు, అలాంటి బాధ్యత లేనివాళ్లకన్నా 63 శాతం ఎక్కువ ఉంది. అందుకే రాత్రికాపు వంతులు వేసుకోమంటున్నాను. వరుసగా ఆరు గంటల నిద్ర వారానికి రెండుసార్లయినా ప్రతి ఒక్కరికీ దక్కాలి. నిద్రని సేవకి అడ్డం అనుకోకండి. రోగికి హాని చేయాలనో, తమకి తాము హాని చేసుకోవాలనో తోస్తే మాత్రం ఆ రోజే డాక్టరుతో మాట్లాడాలి.

నిలువుగీత

చివరి గంటల కాగితం గురించి కూడా. ఎవరిని పిలవాలి, ఏ క్రతువు, శరీరాన్ని ఎవరు తాకాలి, దహనమా ఖననమా, ఎంత సమయంలోపు, నేత్రదానం ఉందా. కళ్లు సాధారణంగా ఆరు గంటల్లోపు తీసుకోవాలి. చాలా క్యాన్సర్లు దానికి అడ్డం కావు, రక్త క్యాన్సర్లు అడ్డం. గుండెలో పేస్‌మేకర్ ఉంటే దహనానికి ముందు తీయించాలి, మంటలో పేలుతుంది. ఇవన్నీ ముందే రాసి ఉంటే, ఆ గంటలో మంచం దగ్గర వాదనలుండవు. నమ్మకం లేనివాళ్లకి కూడా ఒక క్రతువు కావాలి, ఎవరు ఏం చదవాలో, లేదా మౌనంగా ఎంతసేపు ఉండాలో అదీ రాసుకోండి.

గడప_దగ్గర

చాలా దొరికాయి. ఇవన్నీ కాగితం మీద ఎక్కించి గోడకి పెట్టేలా ఉన్నాను. ఒక్కటి మిగిలింది. నుదుటికీ, చేతులకీ నూనె రాసే క్రతువు ఉంది, రోగికి నొప్పి ప్యాచ్ అంటించి ఉంది, ముక్కుకి ఆక్సిజన్. రాయొచ్చా?

మాత్రల_పెట్టె

ఆక్సిజన్ ఉంటే ముఖానికి నూనె, నెయ్యి, వాజిలీన్ లాంటి జిడ్డు ఏదీ వద్దు, అంటుకుంటుంది. నుదుటికి నీళ్లు చాలు. నూనె పాదాలకో చేతులకో రాయండి, రాశాక మీ చేతులు సబ్బుతో కడిగాకే ఆక్సిజన్ గొట్టం ముట్టుకోండి.

ప్యాచ్ ఉన్న చోటా, చుట్టూ నాలుగు వేళ్ల మేరా నూనె తగలకూడదు, ఊడిపోతుంది. వేడి గుడ్డ, హీటింగ్ ప్యాడ్ దాని మీద పెట్టకండి. ఫెంటనిల్ అనే బలమైన నొప్పి మందు ప్యాచ్ అయితే వేడికి మందు ఒక్కసారిగా ఎక్కువ ఒంట్లోకి పోతుంది. జ్వరం వచ్చినా డాక్టరుకి చెప్పాలి. మామూలుగా 72 గంటలకోసారి మారుస్తారు కాబట్టి, క్రతువు రోజు తెలిస్తే కొత్త ప్యాచ్ భుజం వెనక అంటించమని నర్సుకి ముందే చెప్పండి. తీసిన పాతది జిగురువైపు లోపలికి మడిచి, పిల్లలకి అందకుండా పారేయాలి. వాడేసినదాంట్లో కూడా పసివాడి ప్రాణం తీసేంత మందు మిగిలి ఉంటుంది.